ఎముకల పేర్లు నాకెలా పట్టుబడ్డాయంటే

ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. వెన్నుపూసని కశేరుక, మెడ కింది ఎముకని జత్రుక, ముంజేతి ఎముకల్ని రత్ని, అరత్ని అని చదువుకుని ఎంబీబీఎస్‌లో చేరాను. శరీర నిర్మాణం చెప్పే అనాటమీలో మొదటి వైవా, అంటే నోటి పరీక్ష. సార్ తుంటి ఎముక చేతికిచ్చి, పక్కనున్న గుంట మీద వేలు పెట్టి పేరడిగారు. ముందు రోజు రాత్రి ఎన్నోసార్లు రాసిన పేరే. నోటికి రాలేదు. హాస్టల్‌కి వచ్చి చాలాసేపు ఏడ్చాను. తెలుగు మీడియం కాబట్టే ఇలా అయిందని గట్టిగా నమ్మాను.

మర్నాడు లైబ్రరీలో లావుపాటి మెడికల్ డిక్షనరీ తీసి ఆ మాటే వెతికాను. ఎసిటాబ్యులమ్. పక్కనే చిన్న అక్షరాల్లో మాట పుట్టుక ఉంది. లాటిన్‌లో ఎసిటమ్ అంటే వెనిగర్. రోమన్లు భోజనాల దగ్గర వెనిగర్ పోసి పెట్టుకునే చిన్న గిన్నె పేరు ఎసిటాబ్యులమ్. రూముకొచ్చి ఎముక తిప్పి చూశాను. నిజంగా గిన్నే. తొడ ఎముక గుండ్రటి తల అందులో కూర్చుంటుంది. ఆ పేరు మళ్లీ మర్చిపోలేదు.

ఆ రాత్రే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. తుంటి ఎముకలుండే పెల్విస్ అంటే బేసిన్. క్లావికిల్, అదే మన జత్రుక, అంటే చిన్న తాళంచెవి. మోకాలి కింద బయటి వైపుండే సన్నటి ఎముక ఫిబులా అంటే బట్టలకు పెట్టుకునే పిన్ను. ముంజేతిలో బొటనవేలి వైపుండే ఎముక రేడియస్ అంటే బండి చక్రపు ఆకు. పటెల్లా అంటే చిన్న పళ్లెం లాంటి పాత్ర. ఇది ఫోన్‌లో అమ్మకి చెబితే, "మనమూ మోకాలి చిప్ప అనేగా అంటాం, అందులో వింతేముందే?" అంది. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. అంత దూరాన రోమ్‌లో వాళ్లూ మోకాలిని చూసి ఇంట్లో గిన్నెనే తలుచుకున్నారు!

అసలు కష్టం కండరాలతో వచ్చింది. ముంజేతిలోనే దాదాపు ఇరవై, ఒక్కోదానికీ మూడు నాలుగు మాటల పేరు. కానీ విడదీస్తే ప్రతి పేరూ ఒక చిన్న వాక్యం. ఫ్లెక్సార్ కార్పీ రేడియాలిస్ తీసుకోండి. ఫ్లెక్సార్ అంటే ముడిచేది, కార్పీ అంటే మణికట్టుకు చెందిన, రేడియాలిస్ అంటే రేడియస్ వైపున ఉన్నది. ఏం పని చేస్తుందో, ఎక్కడో, ఏ వైపో అన్నీ పేరులోనే ఉన్నాయి. ఫ్లెక్సార్ తీసి ఎక్స్‌టెన్సర్ పెడితే చాచేది. రేడియాలిస్ బదులు అల్నారిస్ అంటే చిటికెనవేలి వైపుది. లాంగస్ పొడవుది, బ్రెవిస్ పొట్టిది. డిజిటోరమ్ అంటే వేళ్లకు చెందిన. మనం రోజూ అనే 'డిజిటల్' కూడా ఆ వేలి నుంచే వచ్చింది, అంకెల్ని వేళ్ల మీద లెక్కపెట్టేవారు కాబట్టి.

అన్నీ లాటిన్ కావు, గ్రీకు కూడా బాగా కలిసింది. లాటిన్ ఎక్కువ ఎందుకంటే, ఈ పేర్లు పెట్టిన కాలంలో యూరప్ పండితులు లాటిన్‌లోనే రాసేవారు. 1543లో వెసాలియస్ అనే వైద్యుడు మానవ శరీర నిర్మాణం గురించి రాసిన గొప్ప గ్రంథం కూడా లాటిన్‌లోదే. తర్వాత ఒక్కో భాగానికి బోలెడు పేర్లు పుట్టుకొస్తే, 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అనాటమీ పండితులు కూర్చుని ఒకే జాబితా ఖాయం చేశారు. మన పాఠ్యపుస్తకాలు సంస్కృతం నుంచి కశేరుక తెచ్చుకున్నట్టే, ఇంగ్లీషు లాటిన్ నుంచి వర్టిబ్రా తెచ్చుకుంది. దాని మూలం 'తిరగడం'. ఇంగ్లీషు మీడియం స్నేహితులకీ ఇవి కొత్తే అని తెలిశాక నా భయం సగం పోయింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వేగస్ నరం. మెదడు నుంచి మెడ, గుండె, ఊపిరితిత్తులు, కడుపు దాకా తిరుగుతుంది. పేరుకి అర్థమే తిరుగుబోతు.

ఏడాది చివరి వైవాలో ఎగ్జామినర్ ముంజేతి వెనక ఒక కండరాన్ని ఫోర్సెప్స్‌తో పైకెత్తారు. ఎక్స్‌టెన్సర్ కార్పీ రేడియాలిస్ బ్రెవిస్ అన్నాను. పనేంటని అడిగారు. మణికట్టును వెనక్కి చాస్తుంది, బొటనవేలి వైపు ఉంటుంది, ఇది పొట్టిది కాబట్టి పొడవుది పక్కనే ఉండాలి సార్ అని చెప్పి, దాన్నీ వెతికి చూపించాను. ఆయన తల ఊపి, ఫోర్సెప్స్ పక్కన పెట్టి, తుంటి ఎముక అందుకున్నారు.