పిల్లాడు ఆలస్యంగా ఎదుగుతున్నాడా, ఎదగడమే ఆగిందా?

క్లాసులో అందరికంటే పొట్టిగా ఉన్న పిల్లల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు తల్లిదండ్రులు ముందు చెప్పేది ఆ రోజు ఎత్తు. ఆ ఒక్క అంకెతో తేలేది తక్కువ. పోయిన ఏడాది ఇదే నెలలో ఎంత ఉన్నాడో రాసిపెట్టి ఉంటే సగం ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది. పొట్టిగా ఉన్నా ఏటా క్రమంగా పెరిగే పిల్లాడి గురించి సాధారణంగా కంగారు అక్కర్లేదు. సగటు ఎత్తులో ఉంటూనే ఎదుగుదల మందగించిన పిల్లాడి గురించి ముందు ఆరా తీయాలి. చిక్కేమిటంటే వాడు ఎవరి కంటా పడడు.

మొదటి ఏడాదిలో పిల్లలు సుమారు 25 సెంటీమీటర్లు పెరుగుతారు, రెండో ఏడాదిలో 10 నుంచి 12, మూడో ఏడాదిలో 8 దాకా. నాలుగేళ్ల తర్వాత యుక్తవయసు మొదలయ్యేదాకా ఏడాదికి 5–6 సెంటీమీటర్లు. ఈ దశలో 4 కంటే తగ్గితే కారణం వెతకాల్సిందే. యుక్తవయసుకు కాస్త ముందు వేగం కొద్దిగా తగ్గడం అందరిలోనూ ఉంటుంది. ఆలస్యంగా పెద్దయ్యే పిల్లల్లో ఆ మందగింపు ఎక్కువ కాలం సాగుతుంది. తోటివాళ్లు ఏడాదికి 8, 9 సెంటీమీటర్లు సాగిపోతుంటే వీళ్లు ఇంకా 4, 5 దగ్గరే ఉంటారు. 12, 13 ఏళ్లకు తేడా ఉన్నట్టుండి పెద్దదైపోయినట్టు అనిపించేది అందుకే. నిజానికి పిల్లాడు ఆగిపోలేదు, పక్కవాళ్లు పరుగందుకున్నారు.

రెండేళ్లలోపు పిల్లలు గ్రోత్ చార్టులో (వయసును బట్టి పిల్లల ఎత్తులు ఎలా ఉంటాయో గీతలుగా చూపే పటం) ఒక గీత నుంచి కింది గీతకు జారడం కూడా తరచూ జరిగేదే. పుట్టినప్పటి పొడవు గర్భంలోని పరిస్థితుల్ని బట్టి ఉంటుంది, వంశపారంపర్యం తన లెక్కకు తెచ్చుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ తర్వాత మాత్రం యుక్తవయసు దాకా దాదాపు అదే గీత వెంట సాగాలి.

ఇదంతా కొలత సరిగా ఉంటేనే. ఇంట్లో చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే. చెప్పులు, సాక్సులు తీసేయాలి, జడ విప్పాలి. అడుగున బీడింగ్ (ముందుకు పొడుచుకొచ్చే పట్టీ) లేని గోడకు మడమలు, పిరుదులు, వీపు ఆనాలి. చూపు తిన్నగా ఉండాలి, గడ్డం పైకెత్తకూడదు. తల మీద స్కేలు కాదు, అట్టపుస్తకం లాంటి వెడల్పాటి వస్తువును గోడకు లంబంగా ఆనించి గుర్తు పెట్టాలి. మూడుసార్లు కొలిచి సగటు రాసుకోవాలి. పొద్దున కొలిచినదానికంటే సాయంత్రం ఎత్తు సెంటీమీటరు దాకా తగ్గవచ్చు, వెన్నుపూసల మధ్య డిస్కులు నొక్కుకుపోతాయి కాబట్టి. ఎప్పుడూ ఒకే వేళ కొలవాలి. రెండు కొలతల మధ్య కనీసం ఆరు నెలలు ఉండాలి. నెలనెలా కొలిచి ఏడాది వేగం లెక్కకట్టడం వృథా: అరసెంటీమీటరు పొరపాటు పన్నెండు రెట్లై ఆరు సెంటీమీటర్లవుతుంది.

ఎత్తుతోపాటు బరువునూ అదే కాగితం మీద రాయండి, ఈ రెండింటి పొత్తు చాలా చెబుతుంది. ముందు బరువు తగ్గి, తర్వాత ఎత్తు మందగిస్తే తిండి చాలకపోవడం, పేగుల జబ్బు, మరేదైనా దీర్ఘకాలిక రోగం అనుమానించాలి. బరువు బాగానే ఉండి, లేదా పెరుగుతూ, ఎత్తు మాత్రం ఆగితే థైరాయిడ్, గ్రోత్ హార్మోన్ (ఎదుగుదలను నడిపే హార్మోన్) లోపాల వైపు చూడాలి. బొద్దుగా ఉన్నాడు కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ రెండో సంగతిని బాగా ఆలస్యంగా గమనిస్తారు.

తల్లిదండ్రుల ఎత్తుల నుంచి అంచనా వేయడం సులువే. ఇద్దరి ఎత్తులూ సెంటీమీటర్లలో కూడి, అబ్బాయికైతే 13 కలిపి, అమ్మాయికైతే 13 తీసేసి, రెండుతో భాగించాలి. తండ్రి 170, తల్లి 157 అయితే కొడుక్కి 170 వస్తుంది. అటూ ఇటూ 8, 9 సెంటీమీటర్ల తేడా మామూలే. ఎత్తులతోపాటు తల్లి ఏ వయసులో రజస్వల అయింది, తండ్రి బడి చదువు అయ్యాక కూడా పెరిగాడా అన్నవి కనుక్కుని వెళ్లండి. ఆలస్యంగా ఎదగడం చాలా కుటుంబాల్లో వంశంలోనే ఉంటుంది.

ఎడమ చేతి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు, అంటే ఎముకలు ఏ వయసు పిల్లల ఎముకల్లా ఎదిగాయో, చూస్తారు. 13 ఏళ్ల అబ్బాయి 140 సెంటీమీటర్లు ఉంటే చార్టులో అట్టడుగు గీత కింద ఉంటాడు. ఎముకల వయసు 11 అని తేలిందనుకోండి, పదకొండేళ్ల గీతల్లో అదే 140 సగటుకు కాస్తే దిగువ. ఎముకలు ఎదగడానికి ఇంకా సమయం ఉందన్నమాట. వంశంలోనే పొట్టిగా ఉండే పిల్లల్లో ఎముకల వయసు అసలు వయసుతో సమానంగా ఉంటుంది, వాళ్లకు ఆ అదనపు గడువు ఉండదు. ఒక జాగ్రత్త: ఎముకల వయసు వెనకబడటం థైరాయిడ్ లోపంలోనూ, గ్రోత్ హార్మోన్ లోపంలోనూ, పోషకాహారం చాలనప్పుడూ కనిపిస్తుంది. ఆ ఎక్స్‌రే ఒక్కటి చూసి ‘ఆలస్యమే, భయం లేదు’ అని తేల్చేయకూడదు.

రక్తపరీక్షల్లో మామూలుగా రాసేవి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు ఉందేమో చూసేది), కిడ్నీ పనితీరు, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్‌తోపాటు ఫ్రీ టీ4, సీలియాక్ జబ్బుకు (గోధుమలోని గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినడం) టీటీజీ ఐజీఏ, గ్రోత్ హార్మోన్ పనితీరును పరోక్షంగా చూపే ఐజీఎఫ్–1. మామూలుగా ఒకసారి రక్తం తీసి గ్రోత్ హార్మోన్ చూస్తే ఉపయోగం లేదు. అది అలలు అలలుగా, ఎక్కువగా నిద్రలో విడుదలవుతుంది, పగటిపూట సున్నాకు దగ్గరగా ఉండటం సహజం. కారణం తెలియకుండా పొట్టిగా ఉన్న అమ్మాయికి టర్నర్ సిండ్రోమ్ (అమ్మాయిల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్ పూర్తిగానో కొంతగానో లేకపోవడం) కోసం క్రోమోజోమ్ పరీక్ష తప్పనిసరి, పైకి ఏ లక్షణమూ లేకపోయినా. తలనొప్పి, పొద్దున్నే వాంతులు, చూపు తగ్గడం ఉంటే మాత్రం ఆరు నెలలు ఆగి కొలవడం అనే మాటే లేదు, వెంటనే చూపించాలి.

ఎత్తు పెంచుతామనే పొడులు, కడ్డీకి వేలాడటం వీటి మీద డబ్బూ సమయమూ పెట్టకండి. తిండి చాలినంత తినే పిల్లాడికి పొడి వల్ల పెరిగేది బరువు.

అమ్మాయికి 13 ఏళ్లు నిండినా రొమ్ముల ఎదుగుదల మొదలవకపోతే, అబ్బాయికి 14 నిండినా వృషణాలు పెరగడం మొదలవకపోతే యుక్తవయసు ఆలస్యమైనట్టు లెక్క. అబ్బాయిల్లో తొలి గుర్తు మీసం కాదు, గొంతు మారడమూ కాదు. వృషణాలు పెరగడమే. వాళ్లలో ఎత్తు వేగంగా సాగేది యుక్తవయసు మధ్య దశలో. అమ్మాయిల్లో మొదట్లోనే సాగుతుంది. రజస్వల అయ్యాక మిగిలేది సాధారణంగా 5–7 సెంటీమీటర్లే, కాబట్టి ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్తే చేయగలిగింది కొంచెమే.

ఆలస్యం మాత్రమే అని తేలితే వేచి చూడటమే చాలామందికి చికిత్స. తోటివాళ్ల ఎగతాళితో బాగా కుంగిపోతున్న 14 దాటిన అబ్బాయికి తక్కువ మోతాదులో టెస్టోస్టెరాన్ ఇంజెక్షను నెలకొకటి, మూడు నుంచి ఆరు నెలలు ఇస్తారు. ఈ మోతాదు చివరి ఎత్తును తగ్గించదు. మోతాదు ఎక్కువైతే ఎముకల చివర్లు త్వరగా మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది, అందుకే ఇది ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) చేతిలోనే ఉండాలి. కోర్సు ఆపాక కొన్ని నెలల్లో వృషణాలు సొంతంగా పెరగడం మొదలుకావాలి. కాకపోతే అది వట్టి ఆలస్యం కాకపోవచ్చు. పిల్లాడికి వాసనలు తెలుస్తాయా అని డాక్టరు అడిగితే మాట మార్చారనుకోకండి. వాసన తెలియకపోవడం, యుక్తవయసు రాకపోవడం కలిసి ఉంటే కాల్‌మన్ సిండ్రోమ్ అనే హార్మోన్ లోపం ఉందేమోనని చూస్తారు.