డొమైన్ దొరికినంత మాత్రాన ఆ పేరు మనది కాదు

చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చే పనిలో ఉన్నందువల్ల నాకు తరచూ ఎదురయ్యే కోరిక ఒకటుంది. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ తాను ఎక్కువగా రిపేరు చేసే కంపెనీ పేరు, దాని పక్కన ‘సర్వీస్’ అనే మాట, చివర విజయవాడ అనో వరంగల్ అనో ఊరి పేరు కలిపి ఒక డాట్ కామ్ డొమైన్, అంటే వెబ్‌సైట్ చిరునామా, కొనిపెట్టమంటాడు. గూగుల్‌లో వెతికేవాళ్లు నేరుగా తన దగ్గరికే వస్తారన్నది ఆయన ఆశ. అందులో దురుద్దేశమేమీ ఉండదు. డొమైన్లు అమ్మే రిజిస్ట్రార్ సైట్‌లో ఆ పేరు ఖాళీగానే కనిపిస్తుంది, ఖర్చూ పెద్దగా ఉండదు. ఖాళీగా ఉంది, డబ్బు కట్టాను, రసీదు వచ్చింది, కాబట్టి అది నాదే అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది గానీ చట్టం ముందు నిలవదు. ఇలాంటి వాళ్లను ఆ కంపెనీ నుంచి లీగల్ నోటీసు వచ్చాక కాక, పేరు కొనకముందే హెచ్చరించడం అవసరమని గట్టిగా నమ్ముతున్నాను కనుక ఈ విషయాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట తెలుసుకోవలసినది రిజిస్ట్రార్ పాత్ర. ఫలానా పేరును అంతకుముందే ఎవరైనా నమోదు చేసుకున్నారా లేదా అన్నది మాత్రమే రిజిస్ట్రార్ చూస్తాడు. ఆ పేరు మీద వేరొకరికి ట్రేడ్‌మార్క్ హక్కు ఉందా అన్నది అతను పరిశీలించడు, పరిశీలించే బాధ్యతా అతనిది కాదు. స్థలం రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన యాజమాన్యం ఖాయమైనట్లు కాదని, ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు చూసుకోవాలని మనవాళ్లలో ప్రతి ఒక్కరికీ తెలుసు. డొమైన్ విషయంలో కూడా అదే జాగ్రత్త కావాలి. పైగా డాట్ కామ్ కొనేటప్పుడు మనం చదవకుండా టిక్కు పెట్టే ఒప్పందంలో రెండు బరువైన విషయాలుంటాయి. ఈ పేరు నమోదు చేయడం వల్ల తనకు తెలిసినంతవరకు ఎవరి హక్కులకూ భంగం కలగదని, ఆ సంగతి తేల్చుకోవలసిన బాధ్యత తనదేనని కొనుగోలుదారు హామీ ఇస్తున్నాడు. ట్రేడ్‌మార్క్ యజమాని ఫిర్యాదు చేస్తే డొమైన్ పేర్ల వ్యవస్థను అంతర్జాతీయంగా చూసుకునే ఐకాన్ సంస్థ 1999లో ఆమోదించిన యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానానికి కట్టుబడతానని కూడా ఒప్పుకుంటున్నాడు. అంటే గుంటూరులో కూర్చుని డాట్ కామ్ కొన్న మనిషి, జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ముందు జవాబు చెప్పడానికి కొన్న క్షణంలోనే అంగీకరించాడన్నమాట.

మన దేశంలో డొమైన్ పేర్ల కోసం ప్రత్యేక చట్టం లేదు గనుక ఇక్కడ చర్య తీసుకోలేరని కొందరు వాదిస్తుంటారు. ఈ వాదనకు సుప్రీంకోర్టు 2004లోనే సమాధానం చెప్పింది, ఆ కేసుకు హైదరాబాదుతో సంబంధం కూడా ఉంది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా పుట్టిన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలతో ‘సిఫీ’ అనే మాటను కల్పించుకుని, 1999లో సిఫీనెట్, సిఫీమాల్ వంటి డొమైన్లు నమోదు చేసుకుంది. తర్వాత 2001, 2002 సంవత్సరాల్లో మరో సంస్థ, ఆంగ్లంలో ఒక్క అక్షరం అదనంగా చేర్చి, సిఫ్ఫీనెట్ పేరుతో డాట్ కామ్, డాట్ నెట్ రెండూ తీసుకుంది. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు తాత్కాలిక నిషేధం విధించింది, కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది, చివరకు సుప్రీంకోర్టు సివిల్ కోర్టు ఉత్తర్వునే పునరుద్ధరించింది. తమ ఐదుగురు ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలతో ఆ పేరు పెట్టుకున్నామని ప్రతివాది చెప్పినా, అంతకుముందు వేరే వివరణ ఇచ్చి ఉండటంతో న్యాయస్థానం దాన్ని నమ్మలేదు.

ఆ తీర్పులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది డొమైన్ స్వభావం గురించిన విశ్లేషణ. డొమైన్ మొదట్లో కంప్యూటర్ చిరునామా మాత్రమే అయినా, వ్యాపారం ఇంటర్నెట్‌లోకి వచ్చాక అది ఆ వ్యాపారాన్ని గుర్తుపట్టే పేరుగా మారిందని, అందువల్ల ట్రేడ్‌మార్క్‌కు వర్తించే సూత్రాలు, ముఖ్యంగా ఒకరి సరుకును మరొకరిదిగా చలామణీ చేయడాన్ని అడ్డుకునే పాసింగ్ ఆఫ్ సూత్రం, దానికీ వర్తిస్తాయని కోర్టు చెప్పింది. ట్రేడ్‌మార్క్ హక్కు ఒక దేశం హద్దులకు లోబడి ఉంటుంది, డొమైన్ మాత్రం ప్రపంచంలో ఎక్కడినుంచైనా తెరుచుకుంటుంది; కాబట్టి గందరగోళానికి అవకాశం మరింత ఎక్కువని కూడా గుర్తించింది. దీనికి అయిదేళ్ల ముందే, 1999లో, యాహూఇండియా డాట్ కామ్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇంకొక దారి మూసివేసింది. ‘మాకు ఆ కంపెనీతో సంబంధం లేదు’ అని పేజీలో ఒక ప్రకటన పెడితే సరిపోతుందన్న ప్రతివాది వాదనను ఆ కోర్టు అంగీకరించలేదు. నేటికీ ఎన్నో సైట్ల అడుగున చిన్న అక్షరాల్లో కనిపించే ఆ వాక్యం మీద భరోసా పెట్టుకున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

యూడీఆర్‌పీలో ఫిర్యాదుదారు మూడు విషయాలు నిరూపించాలి: డొమైన్ తన మార్కును పోలి గందరగోళం కలిగించేలా ఉందని, దాన్ని తీసుకున్నవారికి ఆ పేరు మీద న్యాయమైన ప్రయోజనం లేదని, దురుద్దేశంతో నమోదు చేసి దురుద్దేశంతోనే వాడుతున్నారని. డాట్ ఇన్ పేర్లకు మన నిక్సీ సంస్థ నడిపే విధానం వేరు, దాని పేరు ఐఎన్‌డీఆర్‌పీ. అక్కడ మూడో అంశంలో చిన్నగా కనిపించే పెద్ద తేడా ఉంది: నమోదులో గాని వాడకంలో గాని ఏదో ఒకచోట దురుద్దేశం కనిపిస్తే చాలు. స్వదేశీ డొమైన్ కదా, ప్రమాదం తక్కువేమో అనుకునేవారు నిజానికి మరింత కఠినమైన నియమం కిందికి వస్తున్నారు. రెండు విధానాల్లోనూ ప్రధానమైన పర్యవసానం డొమైన్ రద్దు కావడం లేదా కంపెనీకి బదిలీ కావడం.

దురుద్దేశం రుజువు కావడానికి చాలా సందర్భాల్లో మనం రాసుకున్న ఈమెయిలే చాలు. యూడీఆర్‌పీ కింద తేలిన మొట్టమొదటి కేసు, 2000 జనవరి నాటిది, వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ పేరు మీద నమోదైన డొమైన్ గురించి. నమోదు చేసిన వ్యక్తి రోజుల వ్యవధిలోనే దాన్ని 1,000 డాలర్లకు ఆ సంస్థకే అమ్మజూపాడు. నమోదుకు నిజంగా అయిన ఖర్చుకు మించిన సొమ్ము కోసం మార్కు యజమానికి అమ్మాలన్న ఉద్దేశంతో పేరు తీసుకోవడాన్ని ఆ విధానం దురుద్దేశానికి ఉదాహరణగా స్పష్టంగా పేర్కొంటుంది. మన దేశంలో 2024 అక్టోబరులో జియోహాట్‌స్టార్ డాట్ కామ్ వ్యవహారం చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ నియమమే. రెండు సంస్థల విలీనం వార్తలు చూసి ఒక యువ డెవలపర్ ఆ డొమైన్‌ను ముందుగానే తీసుకుని, కేంబ్రిడ్జ్‌లో తన చదువుకయ్యే ఖర్చు భరించమని రిలయన్స్‌ను కోరుతూ ఆ పేజీలోనే బహిరంగ లేఖ పెట్టాడు. చదువుకోవాలన్న ఆ తపన పట్ల నాకు నిజమైన గౌరవం ఉంది, చాలామందికీ సానుభూతి కలిగింది. కానీ ‘ముందే ఊహించి కొన్నాను, ఇంత ఇస్తే ఇస్తాను’ అని స్వయంగా రాసిపెట్టిన కాగితం అవతలి న్యాయవాదికి శ్రమ లేకుండా దొరికిన సాక్ష్యం. కంపెనీ ఆ కోరికను తిరస్కరించింది, డొమైన్ చేతులు మారింది, 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ సేవ ఆ పేరుతోనే మొదలైంది. కొత్త విలీనం వార్త వచ్చినప్పుడల్లా రెండు పేర్లు కలిపి డొమైన్ కొనాలని చూసే కుర్రవాళ్లు ఆ లేఖను అనుకరించకూడదని నా మనవి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ప్రమాదం ఇంకా పెద్దది. ఇతరుల మార్కుల పేరుతో దురుద్దేశంగా డొమైన్లు తీసుకోవడాన్ని (సైబర్‌స్క్వాటింగ్) అడ్డుకునే అక్కడి 1999 నాటి చట్టం ప్రకారం, కంపెనీకి జరిగిన నష్టం ఎంతో లెక్క తేలకపోయినా, ఒక్కో డొమైన్‌కు 1,000 నుంచి 1,00,000 డాలర్ల వరకు పరిహారం విధించే అధికారం కోర్టుకు ఉంది. డాట్ కామ్ పేర్లన్నిటి పట్టిక (రిజిస్ట్రీ) నడిపే వెరిసైన్ సంస్థ వర్జీనియాలో ఉన్నందువల్ల, డొమైన్ యజమాని కోర్టు పరిధిలోకి రాని సందర్భాల్లో డొమైన్ మీదనే అక్కడ దావా వేసే వీలు కూడా ఆ చట్టం ఇచ్చింది.

ఇక మొదట చెప్పిన మెకానిక్ సంగతికి రావాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. ఒక కంపెనీ వస్తువులను నిజాయితీగా అమ్మేవాడు, బాగుచేసేవాడు ఆ కంపెనీ పేరు ఎత్తకుండా తన పని ఏమిటో చెప్పుకోలేడు. ఈ ఇబ్బందిని చట్టం పూర్తిగా విస్మరించలేదు. 2001లో ఓకీడేటా అనే కంపెనీ విడిభాగాల డొమైన్ మీద వచ్చిన యూడీఆర్‌పీ నిర్ణయంలో, అనుమతి పొందిన విక్రేత కొన్ని షరతులకు లోబడి అలాంటి పేరు వాడుకోవచ్చని తేల్చారు: సైట్‌లో ఆ వస్తువులను నిజంగా అమ్ముతూ ఉండాలి, ఆ కంపెనీ వస్తువులనే అమ్మాలి, కంపెనీతో తనకున్న సంబంధం ఏమిటో దాచకుండా చెప్పాలి, ఆ మార్కుతో కూడిన డొమైన్లన్నీ తానే పోగుచేసుకుని కంపెనీకి దారి లేకుండా చేయకూడదు. లెక్సస్ కార్లు కొనిపెట్టే దళారుల మీద టయోటా వేసిన కేసులో కూడా 2010లో అమెరికా అప్పీలు కోర్టు, వారు ఆ పేరును ఏ రూపంలోనూ డొమైన్‌లో వాడరాదన్న కింది కోర్టు ఉత్తర్వు మరీ విస్తృతంగా ఉందని దాన్ని పక్కన పెట్టింది. మన ట్రేడ్‌మార్క్ చట్టం, 1999లోని 30వ సెక్షన్ కూడా విడిభాగాలు, ఉపకరణాలు దేనికి సరిపోతాయో చెప్పేందుకు సహేతుకమైన మేరకు మార్కును వాడనిస్తుంది.

అయినా ఈ మినహాయింపుల మీద ఆధారపడి డొమైన్ కొనమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. మినహాయింపు ఉందని నిరూపించుకోవడానికే కోర్టు మెట్లెక్కాలి, ఆ కోర్టు మన ఊళ్లో ఉండకపోవచ్చు. మన ట్రేడ్‌మార్క్ చట్టంలోని 134వ సెక్షన్ ప్రకారం, నమోదైన మార్కుకు భంగం కలిగిందంటూ వేసే దావాను కంపెనీ తాను వ్యాపారం చేసే చోట వేసుకోవచ్చు. అంటే కరీంనగర్ దుకాణదారు ఢిల్లీలోనో ముంబయిలోనో వకీలును పెట్టుకోవలసి రావచ్చు. పైగా నోటీసు వచ్చేనాటికి ఆ డొమైన్ దుకాణం బోర్డు మీద, విజిటింగ్ కార్డుల మీద, ఆటోల వెనక ప్రకటనల్లో, బిల్లు పుస్తకాల్లో అంతటా ఎక్కి ఉంటుంది. డొమైన్ పోయిన రోజున దానితో పాటు ఈమెయిల్ చిరునామాలు, సెర్చ్‌లో సంపాదించుకున్న స్థానం కూడా పోతాయి. కంపెనీ పేరును డొమైన్‌లో పెట్టకుండా, సైట్ లోపల ‘మేము ఫలానా కంపెనీల ఏసీలు బాగుచేస్తాం, మేము ఆ కంపెనీల అధీకృత కేంద్రం కాదు’ అని స్పష్టంగా, పెద్ద అక్షరాల్లో, లోగో వాడకుండా రాసుకుంటే వెతికేవాళ్లకు దాదాపు అంతే సులభంగా దొరుకుతాం, ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

కంపెనీలు ఎప్పుడూ న్యాయంగానే వ్యవహరిస్తాయని నేను అనడం లేదు. ఉజి నిస్సాన్ అనే వ్యక్తి తన ఇంటిపేరుతోనే 1994లో నిస్సాన్ డాట్ కామ్ తీసుకుని కంప్యూటర్ వ్యాపారం నడుపుకుంటే, కార్ల కంపెనీ 1999లో దావా వేసి ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి డొమైన్ ఆయన దగ్గరే మిగిలినా అందుకోసం ఆయన ధారపోసిన కాలం, ధనం తిరిగి రాలేదు. యూడీఆర్‌పీలో ఫిర్యాదు దురుద్దేశపూరితమైనదని తేలితే దాన్ని విచారించే ప్యానెల్ ఆ మాట నిర్ణయంలో రాయవలసి ఉంటుంది గానీ, ప్రతివాదికి పరిహారం ఏమీ దక్కదు.

నోటీసు ఇప్పటికే వచ్చి ఉంటే, కోపంలోనో భయంలోనో వెంటనే జవాబు రాయవద్దు, ముఖ్యంగా అందులో డబ్బు ప్రస్తావన తేవద్దు. డొమైన్‌ను మరొకరి పేరుకు మార్చే ప్రయత్నం చేస్తే అదే మరో సాక్ష్యమవుతుంది. యూడీఆర్‌పీ ఫిర్యాదు దాఖలయ్యాక రిజిస్ట్రార్ ఎలాగూ దాన్ని కదలకుండా బిగిస్తాడు. జవాబుకు ఉండే గడువు 20 రోజులు. నిజంగా న్యాయమైన కారణం ఉన్నవారు, ఆ పేరుతో ఎప్పటినుంచి ఏ వ్యాపారం చేస్తున్నారో చూపే బిల్లులు, జీఎస్టీ పత్రాలు, పాత ప్రకటనలు సేకరించుకుని, మేధోసంపత్తి విషయాలు తెలిసిన న్యాయవాదిని కలవాలి.

ఇంకా కొననివారు ముందుగా భారత ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకాలి. అక్షరాలు సరిగ్గా కలిసే పేర్లతో ఆగిపోకుండా, ఉచ్చారణలో దగ్గరగా ఉండేవాటిని వెతికే సదుపాయం కూడా అక్కడ ఉంది, సిఫీ కేసు చదివినవారికి దాని అవసరం చెప్పనక్కర్లేదు. అలా వెతికి, ఎవరిదీ కాని సొంత పేరు ఒకటి ఎంచుకున్నాక, డొమైన్‌తో పాటే దానికి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు కూడా పెట్టుకోవడం మంచిది. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి (సరుకు లేదా సేవల వర్గానికి) రుసుము 4,500 రూపాయలు.