కాంటా కాడ తెలిసిన తేడా

రాత్రి మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటున్నాడట. "అన్నా, మెకానికలా, ఇండస్ట్రియలా?" అన్నాడు.

వాడి వయసులో నాకూ తేడా తెలియదు. మెకానికల్ అంటే ఇంజన్లు, కాజీపేట లోకో షెడ్డు. ఇండస్ట్రియల్ అంటే మా బాపు "ఫ్యాక్టరీల సూపర్‌వైజర్ పనా?" అని తేల్చేశాడు.

నాకు అర్థమైంది మాత్రం క్లాసులో కాదు. ఇంటర్ సెకండియర్ చలికాలంలో బాపుతో పత్తి లోడు వేసుకుని ఒక జిన్నింగ్ మిల్లుకు పోయాను. కాంటా బాగానే పనిచేస్తోంది, లోపల యంత్రాలూ తిరుగుతున్నాయి. బయట బండ్లు మాత్రం రోడ్డు దాకా బారు! అందరూ తెల్లారేసరికే వచ్చారు, తూకం ఒక్కచోటే. కాంటాను తయారు చేయడం మెకానికల్. ఇంకో కాంటా పెడితే బారు ఎంత తగ్గుతుంది, గంటకు ఎన్ని బండ్లను రమ్మనాలి అని లెక్కగట్టేది ఇండస్ట్రియల్. 1909లో డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ టెలిఫోన్ కాల్స్ మీద మొదలుపెట్టిన క్యూ లెక్కలే ఇవి. ఆ రోజు మేం అన్నం తిన్నది సాయంత్రం నాలుగింటికి.

అయినా నేను చేరింది మెకానికల్‌లోనే, మా కాలేజీలో ఇండస్ట్రియల్ లేదు మరి. థర్మోడైనమిక్స్ చచ్చీ చెడీ పాసయ్యాను. ఈ క్యూ లెక్కలుండే ఆపరేషన్స్ రీసెర్చ్ మాత్రం ఇష్టంగా చదివాను. తర్వాత ఎంటెక్ సీటుకు రాసే గేట్‌లో ప్రొడక్షన్ అండ్ ఇండస్ట్రియల్ పేపరే రాశాను.

ఇదంతా ఓపిగ్గా విని మావాడు అడిగాడు: "సరే గానీ అన్నా, సీఎస్‌ఈ వస్తే?"