నాన్న కంప్యూటర్ మళ్లీ లేచింది

పర్లాకిమిడి ఇంట్లో నాన్న పాత డెస్క్‌టాప్‌తో మూడు రోజులు కుస్తీ పట్టాను. విండోస్ 7, 2 జీబీ ర్యామ్ (కంప్యూటర్ పనిచేస్తూ వాడుకునే మెమరీ), ఏ బ్రౌజర్ తెరిచినా రెండో ట్యాబ్‌కే మూసుకుపోతోంది, అమ్మ పింఛను పని ఆగిపోయిందని నాన్నకు ఒకటే టెన్షన్. కొత్తది కొందాం అన్నాను. "బాగుచేస్తే నడిచేదాన్ని పారేస్తామేంట్రా" అన్నారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

బ్రౌజర్లు తీసేసి మళ్లీ వేశాను, వైరస్ స్కాన్ చేశాను, లాభం లేదు. అన్నీ ఒకేలా పడిపోతున్నాయంటే తప్పు వాటిది కాదేమోనని అప్పటికి తట్టి, విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష నడిపితే ర్యామ్‌లోనే లోపం ఉందని తేలింది. పెట్టె విప్పితే అబ్బో, ఎంత దుమ్మో! ర్యామ్ కాంటాక్టులను రబ్బరుతో మెల్లగా రుద్ది చూశా, కుదరలేదు. బరంపురం నుంచి వాడిన 4 జీబీ ర్యామ్ తెప్పించి వేశాక (ర్యామ్‌లో రకాలుంటాయి, డీడీఆర్3 రకం ఉన్నచోట డీడీఆర్3నే వెయ్యాలి, చూసుకోండి) పడిపోవడం ఆగింది.

కానీ విండోస్ 7కి మామూలు వాడకందారులకు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి, క్రోమ్ కూడా 109 తర్వాత దానికి రాదు. పింఛను, బ్యాంకు పనులకు అలా వదిలేయడం నాకు ఇష్టం లేక, ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. పొద్దున్న నాన్న ఒక ట్యాబ్‌లో ఒడియా పేపరు, ఇంకో ట్యాబ్‌లో తెలుగు పేపరు చదువుతున్నారు.