మావయ్యగారు రెండో పేజీలోకి వెళ్ళారు

ఈ టపా ఫోన్లో కొడుతున్నాను. కంప్యూటర్లో తెలుగు కీబోర్డు లేదు. మొన్నటిదాకా ఉంది, బుజ్జిగాడు వచ్చి విండోస్ 11 వేసి వెళ్ళాక లేదు. ఒత్తులు తప్పితే విసుక్కోకండి, ఇవాళ్టికి సరిపడా విసుగు నా దగ్గరే ఉంది.

గొడవంతా తద్దినాల పట్టికతో మొదలైంది. అత్తయ్యగారి గదిలో దేవుడి పటం కింద అంటించి ఉండే కాగితమే. వానాకాలం చెమ్మకి మచ్చలు పడి తిథులు కనబడటం లేదని, కొత్తది తీసిమ్మన్నారు. ఫైలు తెరిచాను. ఎవరు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి అని మావయ్యగారు గళ్ళు గీసి, కిందా మీదా పడి ఒకే పేజీలో పట్టించిన పట్టిక అది. ఆఖరి వరుస ఒక్కటే ఆయన టైపు చేసింది కాదు. మార్గశిర బహుళ దశమి అని నేను చేర్చింది. ఇవాళ చూద్దును కదా, పైనున్న పెద్దల పేర్లన్నీ గళ్ళలో పట్టక రెండేసి లైన్లకి దిగాయి. ఆ ఆఖరి వరుస కాస్తా రెండో పేజీలోకి పోయింది.

అత్తయ్యగారు కళ్ళజోడు పైకి తోసుకుని తెర మీదకి వంగారు.

"అందరూ ఇక్కడుంటే ఆయనొక్కరే పక్క పేజీలోకి వెళ్ళారేవిటే?"

"కొత్త విండోస్ అండి" అన్నాను.

"అయితే?"

అయితేకి నా దగ్గర సమాధానం లేదు.

బుజ్జిగాడేమో ఫోన్లో, "పిన్నీ, విండోస్ పదికి సపోర్ట్ అయిపోయింది, 2025 అక్టోబర్ 14తో సరి, ఇంకా దాంట్లోనే బ్యాంకు పనులు చేస్తున్నావా" అని నన్ను ముందే హడలగొట్టాడు. అబద్ధం కాదు. కాకపోతే నమోదు చేసుకున్నవాళ్ళకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయని నేనూ చదివాను. చెబితే వింటాడా! ప్రాసెసర్ ఎనిమిదో తరందే, బయోస్‌లో టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ ఆన్ చేస్తే చాలన్నాడు. ఉన్నదాని మీద ఎక్కిస్తే పాత చెత్త అలాగే ఉంటుందని ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, సీ డ్రైవ్ మొత్తం తుడిచేసి వేశాడు. నాలుగు బొబ్బట్లు లాగించి భీమవరం బస్సెక్కాడు.

సరే, పట్టిక సంగతి తర్వాత చూద్దాం, ముందు రేపటి కొబ్బరి దింపు లెక్క తీద్దామనుకున్నాను. పొద్దున్నే దింపువాళ్ళు వచ్చేస్తారు. ఏ తోటలో ఎన్ని చెట్లు, ఎవరికెంత అడ్వాన్సు ఇచ్చాం, ఇదంతా కాగితం మీద లేకపోతే ఈయనకి నడవదు. ప్రింట్ నొక్కాను. ప్రింటర్ కిక్కురుమనలేదు. తెర మీద మాత్రం ఫైలుకి పేరేం పెట్టమంటావు, ఎక్కడ దాచమంటావు అని అడుగుతోంది. నాకు కావలసింది కాగితం తల్లీ! తీరా చూస్తే మన ప్రింటర్ బదులు పీడీఎఫ్‌ది డిఫాల్ట్‌గా కూర్చుంది. డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోసే చూసుకునే ఆప్షన్ ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, ఆఖరిసారి దేనికి పంపితే అదే డిఫాల్ట్ అయిపోతుంది. బుజ్జిగాడు వెళ్తూ వెళ్తూ హాల్ టికెట్ పీడీఎఫ్ చేసుకున్నాడు, అదీ సంగతి.

ఆ ఆప్షన్ ఆపి, మన ప్రింటర్‌నే డిఫాల్ట్‌గా పెట్టాను. ఇప్పుడు ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది. పచ్చ లైటు నా మొహంలోకి వెలుగుతోంది, కేబుల్ బిగించే ఉంది, మూరెడు దూరంలో ఉన్నది ఆఫ్‌లైనట. లిస్టులో అదే ప్రింటర్ రెండుసార్లు ఉంది, రెండోదాని పక్కన కాపీ 1 అని. కేబుల్ వెనక పోర్టులోంచి తీసి ముందు పోర్టులో పెడితే ఒక్కోసారి ఇంకో ప్రింటర్ వచ్చిందనుకుంటుంది. కాపీకి మార్చాక ఆఫ్‌లైన్ పోయింది గానీ, ఇందాక పంపినది క్యూలో ఇరుక్కుంది. డిలీట్ కొడితే డిలీటింగ్ అంటుంది, అలాగే ఉంటుంది. చివరికి సర్వీసెస్‌లోకి వెళ్ళి, క్యూని నడిపే ప్రింట్ స్పూలర్ ఆపి, సిస్టమ్32లో స్పూల్ కింద ఉన్న ప్రింటర్స్ ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్ళీ స్టార్ట్ చేస్తే గానీ వదల్లేదు.

దీని మధ్యలో ప్రింటర్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశానండీ. పేరెందుకులెండి. "ఆ మోడల్ ఓల్డ్ మేడమ్, పదకొండుకి డ్రైవర్ లేదు, కొత్తది తీసుకోండి." మీ సైట్లో విండోస్ 10 డ్రైవర్ ఉంది కదమ్మా అంటే "అది వర్క్ అవ్వదు మేడమ్." పదికి రాసిన డ్రైవర్లు చాలావరకు పదకొండులోనూ పనిచేస్తాయి. ఇదీ పనిచేసింది. ఆ అమ్మాయిని అనుకుని లాభం లేదు, తన ముందున్న కాగితంలో ఏముంటే అదే చదువుతుంది. కానీ, బంగారంలా ఉన్న ప్రింటర్‌ని మూల పడేసి కొత్తది తీసుకోండని అంత సునాయాసంగా ఎలా అంటారో! ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

అప్పుడే అనుకున్నాను, మనకి పదే బాగుంది, వెనక్కి పోదామని. అప్‌గ్రేడ్ చేసిన పది రోజుల్లోపు పాతదానికి తిరిగి వెళ్ళొచ్చు. సెట్టింగ్స్‌లో రికవరీ తెరిచాను. గో బ్యాక్ బటనే లేదు. పాత విండోస్‌ని విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్లో దాచి, దాని మీద కొత్తది ఎక్కిస్తేనే ఆ దారి ఉంటుందట. తుడిచేసి వేయించుకున్నాక ఇంకెక్కడికి వెనక్కి?

తుడవడం అంటే గుర్తొచ్చింది. విండోస్ ఎక్స్‌పీ రోజులు. ఒకనాడు ఆన్ చేస్తే నీలం తెర, అంతే. మలికిపురంలో చూసేవాళ్ళు లేక, సీపీయూని పాత దుప్పట్లో చుట్టి నరసాపురం బయల్దేరాం. సఖినేటిపల్లి రేవులో పంటు, అదే ఏరు దాటించే పడవ, ఎక్కాం. మోటారుసైకిళ్ళు, కొబ్బరి బస్తాలు, ఎవరిదో మేకపోతు, మధ్యలో దుప్పటి మూటని ఒళ్ళో పెట్టుకుని ఈయన. వశిష్ఠ గోదావరి మీద గాలి విసురుగా ఉంది, తుంపర పడుతోంది. ఈయన మూట మీదకి వంగిపోయి కూర్చున్నారు. పక్కన చేపల గంపతో ఉన్న మామ్మ, "బిడ్డకి ఎలా ఉందయ్యా?" అంది. ఈయనకి ఏం చెప్పాలో తెలియలేదు. "ఆయ్, డాక్టరు దగ్గరికేనండి" అనేశారు. మామ్మ నిజంగానే దండం పెట్టింది. నేను నది వైపు తిరిగి నవ్వు ఆపుకోలేక చచ్చాను.

షాపు కుర్రాడు మూత విప్పితే లోపల ఫ్యాన్ చుట్టూ కొబ్బరి పీచు, మన వసారాలోదే. వాడు పీచు తీసి, డిస్క్ ఫార్మాట్ చేసి ఇచ్చాడు. పట్టిక పోయింది. మావయ్యగారు ఒక్క మాట అనలేదు. ఆ రాత్రే కూర్చుని మొదటి నుంచి మళ్ళీ టైపు చేశారు. కాగితం చూడలేదు, అన్నీ నోటికే. అత్తయ్యగారు మంచం మీంచే "మా అత్తగారిది వైశాఖం కాదు, జ్యేష్ఠం" అని సవరిస్తున్నారు. ఆయన "నా తల్లి తిథి నాకు తెలియదా" అంటూనే జ్యేష్ఠం అని మార్చారు. మాది వశిష్ఠ గట్టయినా నా రాత గౌతమిదే అనేవారు, గోదావరి ఇంకో పాయ పేరున్న ఆ ఫాంటు గురించి.

అక్కడే తట్టింది. గౌతమి! ఎక్స్‌పీతో వచ్చేది కదా, ఇప్పుడు మామూలుగా ఉండేది నిర్మల. గౌతమి, వాణి రెండూ తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని విడిగా ఉన్నాయి, తెలుగు పెట్టుకోనివాళ్ళకి రావు. బుజ్జిగాడు ఇంగ్లిషు ఒక్కటే పెట్టి పోయాడు. ఫాంటు లేకపోతే ఆ స్థానంలో ఇంకోటి వస్తుంది, అక్షరం కొలత మారుతుంది, గళ్ళలో పట్టదు. సెట్టింగ్స్, సిస్టమ్, ఆప్షనల్ ఫీచర్స్‌లో దొరికింది. డౌన్‌లోడ్ పెట్టాను.

ఇంతలో అత్తయ్యగారు మజ్జిగ గ్లాసుతో వచ్చారు. ఒకే పేజీలోకి తెచ్చేస్తానండీ అని ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ కాసేపు చూసి, "పోనీ అలాగే ఉంచవే. ఆ పేజీలో బోలెడు ఖాళీ ఉంది. రేపు నాకూ కావాలి కదా" అన్నారు. ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. నాకు ఒళ్ళు మండింది. అలాంటి మాటలు అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి ఈవిడకి!

ఫాంటు వచ్చింది. పట్టిక మళ్ళీ ఒక్క పేజీ అయింది. ఈ విండోస్ గబుక్కున తెరుచుకుంటోంది కూడా, అది ఒప్పుకోవాలి. ఇక పది ఊసెత్తను. నిర్మలలో ఉన్న రెండు పేజీలది మాత్రం పీడీఎఫ్ చేసి పక్కన పెట్టాను. ఎందుకో అడగకండి.

ఏది తీయాలో రేపు ఆవిడనే అడుగుతాను. ఎలాగూ ఇప్పుడు తీసే వీల్లేదు. పసుపు ఇంకు అయిపోయిందట. దింపు లెక్కంతా నలుపే, పట్టికంతా నలుపే, అయినా పసుపు పోస్తే గానీ కదలనంటోంది. ఈయన చేత్తో రాసుకుంటానని పెన్ను వెతుకుతున్నారు.