నాగలి గుర్తు

ప్రవాసంలో పెరిగే పిల్లలకు పూర్వీకుల గురించి చెప్పేటప్పుడు మనలో చాలామంది కోతలు కోస్తాం. ఎవరిని కదిపినా ముత్తాత మునసబే, కాకపోతే వెంకటగిరి రాజావారి కొలువులో ఉద్యోగే. మరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలో దుక్కి దున్నింది ఎవరో!

మా ఇంట్లోనూ అదే వరస. కందుకూరు దగ్గరి మా పల్లెలో నాన్నగారి ముత్తాత మునసబు చేశారని, ఊరంతా ఆయన మాట మీదే నడిచేదని పెద్దనాన్న చెప్పేవారు. ఇక్కడ డాలస్‌లో మా అమ్మాయికి బడిలో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. నాకు తెలిసింది తాతగారి దాకానే. పెద్దనాన్నను అడిగితే భోషాణంలోని పాత కాగితాలను ఫోనుతో ఫోటోలు తీసి పంపారు.

అందులో ఒకటి తనఖా దస్తావేజు. అంతా గొలుసుకట్టు రాత. పెద్దనాన్న ఫోనులో చదువుతుంటే మేం రాసుకున్నాం. ఈశ్వర నామ సంవత్సరం, ఫసలీ (శిస్తు లెక్కల ఏడాది) 1287. ఈశ్వర అరవై ఏళ్లకోసారి వస్తుంది కనుక 1817 కావచ్చు, 1877 కావచ్చు. ఫసలీకి 590 కలిపితే ఆ చిక్కు తీరుతుంది. ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి 1877 జూలై తర్వాతి మాట అని అమ్మాయే తేల్చింది.

అంటే ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు. 1876లో వానలు ముఖం చాటేశాక మద్రాసు రాజధాని జిల్లాలు మలమల మాడిన కాలం. కూలి కోసం జనం బకింగ్‌హాం కాలువ తవ్వకానికి వెళ్లిన రోజులు. మా పెద్దాయన, అంటే మునసబని చెప్పుకున్న ఆ ముత్తాతే, రెండు చెక్కల మెట్ట పొలాన్నీ ఎద్దుల జతనూ తాకట్టు పెట్టి జొన్నలు తెచ్చుకున్నాడు. ‘ఎర్ర ఎద్దు ఒకటి, ఎడమ కొమ్ము విరిగినది’ అని కూడా రాసి ఉంది. అడుగున సంతకం లేదు. వంకరటింకరగా ఒక నాగలి బొమ్మ, దాని పక్కన అది ఫలానావాని నిశానీ అని కరణం రాత.

“ఈ సంగతి పిల్లకెందుకురా, పరువు తక్కువ” అన్నారు పెద్దనాన్న. నేను చెప్పేశాను. మునసబు కథ విని తలూపి ఊరుకున్న పిల్ల, ఇది వినగానే “ఎద్దుల్ని తీసుకుపోతే మళ్లీ ఎలా దున్నాడు నాన్నా?” అని పట్టుకుంది. గొప్పలు విన్న పిల్లలకు అడగడానికేమీ మిగలదని నాకప్పుడే అనిపించింది.

వంశవృక్షంలో జిల్లా దగ్గర మరో తిరకాసు. నెల్లూరులో ఉన్న కందుకూరు 1970లో కొత్త ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది. దానికే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మళ్లీ నెల్లూరుకు మార్చారు. అమ్మాయి రెండు పేర్లూ రాసింది.

ఆ ముత్తాత భార్య పేరు ఏ కాగితంలోనూ లేదు. పెద్దనాన్నకు మాత్రం నోటికొచ్చు. తల్లి తద్దినం నాడు పురోహితుడు అడిగితే తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ, ముగ్గురి పేర్లూ చెప్పాలి కదా!

మునసబు మాటను పెద్దనాన్న ఇంకా వదల్లేదు. “కాగితం చూపించండి తాతయ్యా” అంటుంది ఇది. 1984లో మునసబు, కరణాల పదవులు ఎత్తేశాక ఆ దస్త్రాలు ఎవరింట మిగిలాయో ఆయన ఇప్పుడు ఊరంతా వాకబు చేస్తున్నారు.