లెటర్‌కెన్నీకి దారి చూపిన బర్త్ సర్టిఫికెట్

మా కోడలిది గ్లాస్గో. వాళ్ళ అమ్మమ్మ వైపువాళ్ళు ఐర్లాండ్ నుంచి వలస వచ్చారని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ ఊరి నుంచి అంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను, పాత రికార్డులంటే ప్రాణం. కిందటి వేసవిలో అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు "మావయ్యగారూ, వెతుకుదాం వస్తారా?" అని తను అడగ్గానే బయల్దేరాను.

ముందు వాళ్ళ అమ్మమ్మ దగ్గర కూర్చుని గుర్తున్న పేర్లు, పెళ్ళిళ్ళు, మతం అన్నీ రాసుకున్నాం. మతం తెలియకపోతే ఐర్లాండ్‌లో ఏ చర్చి రిజిస్టరు తియ్యాలో తెలియదు. ఆ తర్వాత ఎడిన్‌బరో వెళ్ళాం. రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే స్కాట్లాండ్ పాత రికార్డులు చూసే చోటు, జనరల్ రిజిస్టర్ హౌస్. గుమ్మం ముందు గుర్రమ్మీద వెల్లింగ్టన్ డ్యూక్ విగ్రహం.

స్కాట్లాండ్‌లో జనన మరణాల నమోదు 1855లో మొదలైంది. వాళ్ళ సర్టిఫికెట్లు చూస్తే నాకు ముచ్చటేసింది. డెత్ సర్టిఫికెట్‌లో కూడా చనిపోయినవాళ్ళ తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. 1861 నుంచి బర్త్ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కూడా రాశారు. అమ్మమ్మగారి తాత 1866లో గ్లాస్గోలో పుట్టాడు. ఆయన కాగితంలో ఆ గడి దగ్గర కోడలి వేలు ఆగిపోయింది: 1862, లెటర్‌కెన్నీ, డొనెగల్. డొనెగల్ అంటే ఐర్లాండ్‌లో మన జిల్లాలాంటి ఒక కౌంటీ, లెటర్‌కెన్నీ అందులో ఊరు. కింద తండ్రి సంతకం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తు. చదువు రాని మనిషి, కొడుకు పుట్టాడని చెప్పడానికి ఆఫీసు దాకా వచ్చి పెట్టిన గుర్తది. నాకు కళ్ళు చెమర్చాయి.

అక్కణ్ణుంచి డబ్లిన్. ఐర్లాండ్‌లో కాథలిక్కుల పెళ్ళిళ్ళ ప్రభుత్వ నమోదు 1864లో గానీ మొదలుకాలేదు. కాబట్టి 1862 పెళ్ళికి చర్చి రిజిస్టరే దిక్కు. పాత జనాభా లెక్కలు చూద్దామా అంటే, 1821 నుంచి 1851 వరకు తీసినవి చాలావరకు 1922 జూన్‌లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల దగ్గరి రికార్డు ఆఫీసులో కాలిపోయాయి. రికార్డుల మధ్య బతికినవాణ్ణి, ఆ మాట వింటుంటే కడుపు తరుక్కుపోయింది.

కిల్డేర్ వీధిలోని నేషనల్ లైబ్రరీలో వంశవృక్షాల గురించి ఉచితంగానే సలహా ఇస్తారు. అక్కడి కాథలిక్ రిజిస్టర్లు ఇంట్లో కూర్చుని నెట్‌లోనూ చూడొచ్చు. కానీ ఫాదర్లు లాటిన్‌లో గొలుసుకట్టుగా రాసింది చదవాలంటే పక్కన తెలిసినవాళ్ళు ఉండాల్సిందే. పెళ్ళి నమోదు దొరికింది. పెళ్ళికూతురి టౌన్‌ల్యాండ్ పేరు కూడా రాసి ఉంది. టౌన్‌ల్యాండ్ అంటే అక్కడ భూమి లెక్కల్లో అన్నిటికంటే చిన్న విభాగం. ఐర్లాండ్‌లో 60 వేలకు పైగా ఉన్నాయి. అది తెలిస్తే సగం పని అయినట్టే.

ఆ పేరు పట్టుకుని గ్రిఫిత్ వాల్యుయేషన్ తెరిచాం. 1847-64 మధ్య అచ్చయిన ఆ లెక్క అచ్చం మన అడంగల్ లాంటిది: సాగుదారు, భూస్వామి, విస్తీర్ణం, విలువ, మ్యాపు నంబరు. డొనెగల్‌లో ఒకే పేరున్నవాళ్ళు బోలెడుమంది. ఒక్క పేరు చూసి మనవాళ్ళేనని తీర్మానించుకోకూడదు. పెళ్ళికూతురు తర్వాత గ్లాస్గోలోనే చనిపోయింది. ఆవిడ డెత్ సర్టిఫికెట్‌లోని తండ్రి పేరు, పెళ్ళి నమోదులోని టౌన్‌ల్యాండ్ రెండూ గ్రిఫిత్ లెక్కతో కలిశాకే కోడలు నోట్‌బుక్‌లో పెన్నుతో రాసింది. అంతదాకా అన్నీ పెన్సిల్ రాతలే.

మర్నాడు పొద్దున్నే లెటర్‌కెన్నీ బస్సెక్కాం. మ్యాపు ప్రింటు తన ఒళ్ళోనే పెట్టుకుంది.